ప్లేనో ముచ్చట్లు: మాస్టారి కరోలా



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. వాళ్ళకి టెక్సస్ సంగతి తెలియదు కాబట్టి రెండిటితో ఆపేశారు. తెలిసుంటే "పాత కారు రిపేరు చేయించి చూడు" అని మూడోది కూడా తప్పకుండా చేర్చేవారు.

కిందటి సంచికలో మా పెరటి దొండపాదు గురించి రాస్తే చాలామంది ఫోన్ చేసి మెచ్చుకున్నారు (మెచ్చుకున్నవాళ్ళ కంటే దొండకాయలు అడిగినవాళ్ళే ఎక్కువ అనుకోండి!). ఈసారీ అలాంటి కబురే ఏదో చెబుదామని కూర్చున్నాను. ఇంతలో మా మాస్టారి కారు ఆగిపోయింది. ఆగిపోవడమంటే రోడ్డు మీద కాదు, కాగితాల మీద. ఆ కథే ఈసారి ముచ్చట. కాస్త పొడుగ్గా ఉంటుంది, కాఫీ కలుపుకుని కూర్చోండి.

మాస్టారు ఎవరో మీలో కొందరికి తెలిసిపోతుంది. తెలిసినా తెలియనట్టే ఉండండి. రాయమని అనుమతి ఇచ్చారు గానీ పేరు మాత్రం వద్దన్నారు. ఆయన తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, 2006లో పిన్నిగారితో కలిసి కొడుకు దగ్గరకి వచ్చారు. వచ్చి ఊరికే కూర్చోలేదు. "నలభై క్రెడిట్లు ఉంటే గానీ ఇక్కడ సోషల్ సెక్యూరిటీ రాదట" అని ఎవరో చెబితే, పదేళ్ళపాటు ఒక కొట్లో క్యాష్ రిజిస్టర్ దగ్గర నిలబడి ఆ నలభై పూర్తి చేశారు. ఏడాదికి నాలుగు క్రెడిట్లు, పదేళ్ళకి నలభై. ఆ లెక్క ఆయన చెబుతుంటే ఎక్కం అప్పజెప్పినట్టే ఉంటుంది. పదేళ్ళ చిన్న జీతానికి వచ్చే పెన్షనూ చిన్నదే. తరువాత కొడుక్కి ఇక్కడ ఉద్యోగం పోయి, వేరే రాష్ట్రంలో దొరికితే కుటుంబంతో వెళ్ళిపోయాడు. పిన్నిగారికి పక్షవాతం వచ్చి ఎడమ కాలు సరిగ్గా పడదు. వాకర్ పట్టుకుని నడుస్తారు. డాక్టర్లు, గుడి, నాలుగు తెలుగు మొహాలు ఇక్కడే ఉన్నాయని ఇద్దరూ తూర్పు ప్లేనోలో ఒక సీనియర్ అపార్ట్‌మెంట్‌లో ఉండిపోయారు.

ఆ ఇంటికి ఇంధనం ఒక 2005 మోడల్ టయోటా కరోలా. 1,38,000 మైళ్ళు తిరిగింది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి, శనివారం ఫ్రిస్కో హనుమంతుడి గుడికి, నెలకోసారి ఇండియన్ గ్రోసరీకి. అంతే దాని ప్రపంచం.

ఈ ఏడాది ఫిబ్రవరిలో రెండు శనివారాలు వరుసగా వాళ్ళు గుడిలో కనబడలేదు. ఫోన్ చేస్తే మాస్టారు "చలి కదమ్మా" అన్నారు. ఆ శనివారం బయట డెబ్బయి డిగ్రీలు! మూడోసారి నేనే పులిహోర డబ్బా పట్టుకుని వెళ్ళాను. మాస్టారు పార్కింగ్‌లో కారు తుడుస్తున్నారు. పిన్నిగారు నన్ను లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా చెప్పారు. "కారు పొగ పరీక్షలో ఫెయిలైందే అమ్మాయ్. రిజిస్ట్రేషన్ కట్టనివ్వట్లేదు. రెండు వేల మూడొందలు అడిగారట. నేను థెరపీ మానేసి మూడు వారాలైంది. అబ్బాయికి చెప్పొద్దన్నారు." ఆమాట చెబుతూ టేబుల్ మీద పేపర్ల కింద నుంచి ఒక రంగుల కరపత్రం తీసి చూపించారు. కారు టైటిల్ తాకట్టు పెట్టుకుని అప్పు ఇచ్చే కొట్టుది.

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. టైటిల్ లోన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. కారు మీ దగ్గరే ఉంటుంది, దాని హక్కు పత్రం వాళ్ళ దగ్గర ఉంటుంది. నెల తిరిగేసరికి అసలు కట్టలేకపోతే ఫీజు కట్టి ఇంకో నెల పొడిగించుకోవచ్చు. అలా ఫీజులే కడుతూ పోతే ఏడాది లెక్కలో వడ్డీ వందల శాతానికి చేరుతుంది. టెక్సస్‌లో ఆ ఫీజులకి రాష్ట్రం పెట్టిన పరిమితి లేదు. చివరికి కారే పోతుంది. లెక్కల మాస్టారికి చక్రవడ్డీ తెలియదా? తెలుసు. తెలిసీ ఆ కరపత్రం ఇంటికి తెచ్చుకున్నారంటే ఎంత ఇరుకులో ఉన్నారో నాకు అర్థమైంది.

బయటికి వచ్చి, "మాస్టారూ, ఒక్క పది రోజులు నాకివ్వండి, ఆ కొట్టుకి మాత్రం వెళ్ళకండి" అన్నాను. ఆయన తుడుస్తున్న గుడ్డ మడిచి, "నీకెందుకమ్మా శ్రమ" అన్నారు. మన పెద్దవాళ్ళు వద్దనడానికీ ఆ మాటే వాడతారు, సరే అనడానికీ ఆ మాటే వాడతారు. నేను సరే కిందే లెక్క వేసుకున్నాను.

కాస్త నేపథ్యం చెప్పాలి. టెక్సస్‌లో ఏటేటా చేయించుకునే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి 1 నుంచి తీసేశారు. అందరం పండగ చేసుకున్నాం. కానీ పొగ పరీక్ష, అంటే ఎమిషన్స్ టెస్ట్, మన కాలిన్, డాలస్, డెంటన్ లాంటి పెద్ద కౌంటీల్లో అలాగే ఉంది. రెండేళ్ళ నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసున్న పెట్రోలు కార్లన్నిటికీ తప్పదు. మాస్టారి కరోలా ఇంకా ఆ వయసులోనే ఉంది. డాష్‌బోర్డ్ మీద చెక్ ఇంజిన్ దీపం వెలిగిందంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు, ఫెయిలే.

(నాకొక బాధ ఉంది, చెప్పేస్తాను. పొగ చూస్తున్నారు సరే, ఇప్పుడు బ్రేకులు, టైర్లు ఎవరూ చూడట్లేదు. వాటిని స్వయంగా వంగి చూసుకోలేనివాళ్ళు మన పెద్దవాళ్ళే.)

మొదటి ప్రయోగం మా ఇంట్లోనే జరిగింది. 1996 తరువాతి కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఒక ప్లగ్గు ఉంటుంది. దానికి పాతిక డాలర్ల స్కానర్ తగిలిస్తే కోడ్ చెబుతుంది. మా అబ్బాయికి పదహారేళ్ళు, డ్రైవింగ్ లైసెన్సు వచ్చి మూడు నెలలు, కాబట్టి కార్ల గురించి వాడికి తెలియనిది లేదు. స్కానర్ పెట్టి "పీ-0420" అని చదివి, ఒక బటన్ నొక్కి దీపం ఆర్పేశాడు. మాస్టారు వాడి వీపు తట్టారు. నేను గర్వంగా వెంటనే టెస్టుకి తీసుకెళ్ళాను. అక్కడతను ప్లగ్గు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. కోడ్ చెరిపితే కారు కంప్యూటర్ తనను తాను పరీక్షించుకున్న చరిత్ర కూడా చెరిగిపోతుందట. మళ్ళీ కొన్ని రోజులు ఊళ్ళోనూ హైవే మీదా నడిపితే గానీ అది "రెడీ" అనదు. అంటే జ్వరం తగ్గాలని థర్మామీటర్ విరగ్గొట్టామన్నమాట. మా వారు ఇంట్లో ఈ మాట వారం రోజులు వాడుకున్నారు. ఆయన సాఫ్ట్‌వేర్‌లో చేసేదీ అదేగా అని నేనూ ఊరుకోలేదు!

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి, ఆ కోడ్ చదవడానికి డబ్బు ఇవ్వక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల కొట్లలో ఉచితంగా చదివి కాగితం ఇస్తారు. బ్యాటరీ కూడా ఉచితంగా పరీక్షిస్తారు. మన ఎండలకి బ్యాటరీలు చలికంటే త్వరగా చస్తాయి కాబట్టి ఆ పరీక్ష ఏటా వేసవికి ముందు చేయించుకుంటే మంచిది.

ఇంక ఫోన్ల పర్వం. ఎవరిని అడిగినా ముందు ఒకే మాట చెప్పారు: "ఎయిర్‌చెక్ టెక్సస్ అని ప్రోగ్రామ్ ఉందిగా, వాళ్ళిస్తారు." నిజమే, ఉండేది. పొగ పరీక్షలో ఫెయిలైన కార్లకి, ఆదాయం తక్కువున్నవాళ్ళకి, ఆరు వందల డాలర్ల దాకా రిపేరు సాయం చేసేది. కారు మార్చుకోవడానికి మూడు వేలు, ఆపైన కూడా ఇచ్చేది. ఆ డబ్బు ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు. టెస్టు చేయించుకున్న ప్రతిసారీ మనమే ఆరు డాలర్లు కట్టేవాళ్ళం. 2017లో గవర్నర్ ఆ నిధులను వీటో చేశారు. ఉత్తర టెక్సస్‌లో 2019లో తలుపులు మూసేశారు. కానీ పాత కాగితాల్లో, పాత జాబితాల్లో ఆ పేరు ఇంకా బతికే ఉంది. మీకెవరైనా చెబితే మీ సమయం వృథా చేసుకోకండి.

తరువాత 211కి చేశాను. ఆ మూడంకెలు నొక్కితే టెక్సస్‌లో ఎక్కడ ఏ సాయం దొరుకుతుందో మనిషే మాట్లాడి చెబుతాడు, ఖర్చు లేదు. "తెలుగు కావాలి" అంటే దుభాషిని కూడా అడగవచ్చు. అవతల ఉన్న అమ్మాయి ఎంతో ఓపికగా వెతికింది. వెతికి, "కారు రిపేరుకే డబ్బిచ్చే చోటు మీ దగ్గర నాకు కనబడటం లేదు" అంది. నేను నిట్టూర్చాను. అప్పుడా అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు కళ్ళు తెరిపించింది: "వాళ్ళు అద్దె కడుతున్నారా? కరెంటు బిల్లు?"

చూడండి, కిటుకు ఇదీ. కారుకి డబ్బిచ్చేవాళ్ళు అరుదు. అద్దెకీ, కరెంటుకీ, తిండికీ ఇచ్చేవాళ్ళు చాలా చోట్ల ఉన్నారు. ఒక నెల కరెంటు బిల్లు వాళ్ళు కడితే ఆ డబ్బు మెకానిక్‌కి మిగులుతుంది. ప్లేనోలోనే కాలిన్ కౌంటీ అసిస్టెన్స్ సెంటర్ ఉంది. వాళ్ళ పనే అది. అరవై దాటినవాళ్ళకి ఏరియా ఏజెన్సీ ఆన్ ఏజింగ్ అని ఒకటి ఉంది. 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ చట్టం కింద దేశమంతా నడిచే వ్యవస్థ ఇది. మన కౌంటీ నార్త్ సెంట్రల్ టెక్సస్ ఏజెన్సీ కిందకి వస్తుంది. మీ అమ్మానాన్నలు వేరే ఊళ్ళో ఉంటే ఎల్డర్‌కేర్ లొకేటర్ నంబరు 1-800-677-1116కి చేయండి, ఆ ఊరి ఏజెన్సీ ఏదో చెబుతారు.

మాస్టారికి ఈ మాట చెబితే ఆయన మొహం ముడుచుకుంది. "కరెంటు బిల్లుకి చెయ్యి చాపాలా?" అన్నారు. నేనేదో చెప్పబోతుంటే పిన్నిగారు అడ్డొచ్చి, "పదేళ్ళు నిలబడి టాక్సులు కట్టారు కదండీ, అది చెయ్యి చాపడం ఎలా అవుతుంది?" అన్నారు. నడుస్తున్నప్పుడు వణుకుతారు గానీ మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు వణకదు! మాస్టారికి ఇంకో భయం కూడా ఉంది. కారు ఉందంటే ఎస్ఎస్ఐ లాంటి సాయాలు రావని ఎవరో చెప్పారట. అది పొరపాటు. ఎస్ఎస్ఐకి ఆస్తి పరిమితి ఒక్కరికి రెండు వేలు, దంపతులకి మూడు వేల డాలర్లు, నిజమే. కానీ ఇంటివాళ్ళు తిరగడానికి వాడే ఒక కారుని అందులో లెక్కించరు.

ఇక్కడ గ్రీన్ కార్డు మీద ఉన్న అమ్మానాన్నల సంగతి వేరు. మీరు వాళ్ళకి స్పాన్సర్‌గా ఐ-864 మీద సంతకం పెట్టి ఉంటారు. కొన్ని రకాల ప్రభుత్వ సాయం తీసుకుంటే ఆ బిల్లు మీ దగ్గరకి రావచ్చు. ముందు తెలిసిన లాయరుని అడిగి చేయండి. మాస్టారూ పిన్నిగారూ పౌరసత్వం తీసుకుని చాలా ఏళ్ళైంది కాబట్టి మాకా చిక్కు రాలేదు.

నేను అడిగిన ఇంకొన్ని చోట్లు: కొన్ని అమెరికన్ చర్చిల్లో శనివారాలు వాలంటీర్లు కూడి వితంతువులకీ, ఒంటరి తల్లులకీ, ముసలివాళ్ళకీ ఆయిల్ మార్చి, బ్రేకులు వేసి పంపిస్తారు. ఏ మతమని అడగరు. పెద్ద రిపేర్లు మాత్రం చేయరు. కమ్యూనిటీ కాలేజీల్లో ఆటో మెకానిక్ కోర్సులుంటాయి. గురువుగారు పక్కనుండగా విద్యార్థులు నిజం కార్ల మీద నేర్చుకుంటారు కాబట్టి కొన్ని కాలేజీల్లో విడిభాగాల డబ్బు ఇస్తే చాలు. కానీ ఆ వారం పాఠం బ్రేకులైతే బ్రేకుల కారే కావాలి, మీ ఏసీ వాళ్ళకి అక్కర్లేదు. కారు రెండు మూడు వారాలు అక్కడే ఉండచ్చు. మనకి దగ్గర్లో ఆలెన్‌లో 2020లో తెరిచిన కాలిన్ కాలేజ్ టెక్నికల్ క్యాంపస్‌లో ఆటోమోటివ్ కోర్సు ఉంది. బయటి కార్లు తీసుకుంటారేమో సెమిస్టర్ మొదట్లో ఫోన్ చేసి కనుక్కోండి. మాకు అంత వ్యవధి లేదు.

సరే, రెండో మెకానిక్ సంగతికి వస్తాను. మొదటి షాపువాళ్ళు కోడ్ చదివి, కారు కిందకి కూడా వంగి చూడకుండా, "కెటలిటిక్ కన్వర్టర్ పోయింది, 2,340 డాలర్లు" అని కాగితం ఇచ్చారు. పీ-0420 అంటే కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదని కంప్యూటర్ అనుమానం. అనుమానం మాత్రమే. గొట్టంలో ఎక్కడో గాలి లీకైనా, ఆక్సిజన్ సెన్సర్ మందగించినా అదే కోడ్ రావచ్చు. నిజంగా కన్వర్టరే పోయి ఉండచ్చు కూడా. మా ఇంటి దగ్గర లాన్ కోసేతను చెప్పిన ఒక చిన్న షాపుకి తీసుకెళ్ళాం. వియత్నాం నుంచి వచ్చిన పెద్దాయన, గోడ మీద ఏఎస్ఈ నీలం గుర్తు, మూల కుర్చీలో నిద్రపోతున్న పిల్లి. కారు పైకెత్తి, మాస్టారిని కిందకి పిలిచి, లైటు వేసి చూపించాడు. "ఈ గాస్కెట్ లీకు. ఈ సెన్సర్ పాతది. రెండూ మారుస్తాను, 285. కన్వర్టర్ కూడా ముసలిదే. ఇది చేస్తే పాసవుతుందని నేను మాట ఇవ్వను." మాస్టారు ఆ గొట్టాల కింద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన డీఈవోలా అన్నీ చూశారు. తరువాత నాతో తెలుగులో "ఈయన సరైన మేష్టరమ్మా, తెలియనిది తెలియదన్నాడు" అన్నారు.

మీరూ షాపుకి వెళితే ఇవి అడగండి: అంచనా కాగితం మీద ఇమ్మనండి, చెప్పకుండా అంతకు మించి పని చేయొద్దనండి, తీసేసిన పాత భాగం చూపించమనండి. డబ్బు కట్టేదాకా కారు ఆపుకునే హక్కు టెక్సస్ మెకానిక్‌కి ఉంది కాబట్టి పని మొదలవక ముందే ఈ మాటలన్నీ అయిపోవాలి. ఇంగ్లీషు తడబడే పెద్దవాళ్ళ పక్కన మనం ఒకరం నిలబడితే, అంచనా కాగితంలో అంకెలు వాటంతటవే తగ్గడం నేను కళ్ళారా చూశాను. ఎందుకో మీరే ఆలోచించుకోండి.

285 డాలర్లలో సగం మాస్టారు అక్కడే ఇచ్చారు. మిగతా సగం నేనిస్తానంటే ఒప్పుకోలేదు. "మీ అమ్మాయికి ఆల్జీబ్రా చెబుతాను, గంటకి ఇంత అని కొట్టేసుకో" అన్నారు. మా అమ్మాయికి ఆ బేరం నచ్చలేదు గానీ, ఇప్పుడు దానికి ఎ వస్తోంది.

పదిహేను రోజులు దీపం వెలగలేదు. పదహారో రోజు పొద్దున్న వెలిగింది. మళ్ళీ టెస్టు, మళ్ళీ ఫెయిలు. కన్వర్టర్ నిజంగానే అలిసిపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు అంటారే, అదే. మాస్టారు ఏమీ అనలేదు. తాళాలు జేబులో వేసుకుని, "పోనీలేమ్మా, బస్సులున్నాయిగా" అన్నారు. ప్లేనో 1983లోనే డార్ట్‌లో చేరింది, 2002 నుంచి పార్కర్ రోడ్డు దాకా రైలూ ఉంది. కానీ వాకర్‌తో ఉన్న పిన్నిగారు బస్ స్టాప్ దాకా ఎలా నడుస్తారు? వికలాంగులకి ఇంటికొచ్చే పారాట్రాన్సిట్ బండి ఉంది. 1990 నాటి ఏడీఏ చట్టం ప్రకారం బస్సులు నడిపేవాళ్ళు అది కూడా నడపాలి. పూర్తి చేసిన దరఖాస్తు అందాక ఇరవై ఒక్క రోజుల్లో తేల్చకపోతే, తేల్చేదాకా ఎక్కనివ్వాలి. ఆ దరఖాస్తు కూడా పెట్టాం. మీ ఇళ్ళలో అవసరం ఉన్నవాళ్ళుంటే కారు బాగున్నప్పుడే పెట్టి ఉంచుకోండి.

అప్పుడు టెస్టు చేసే కుర్రాడు, పాపం రెండుసార్లు మమ్మల్ని ఫెయిల్ చేసినందుకు బాధపడ్డాడేమో, ఓడోమీటర్ వంక చూసి అడిగాడు: "కిందటేడు ఎన్ని మైళ్ళు తిరిగింది?" మాస్టారు చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశారు. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ తేదీ, మైళ్ళు, ధర రాసుకునే అలవాటు ఆయనకి. "3,912" అన్నారు. "అయితే మీకు వేవర్ రావచ్చు, డీపీఎస్‌ని అడగండి" అన్నాడు ఆ కుర్రాడు.

ఇన్ని ఫోన్లు చేశాను, ఒక్కరూ ఈ మాట చెప్పలేదు! టెక్సస్ డీపీఎస్ ఇచ్చే లో మైలేజ్ వేవర్ అని ఒకటి ఉంది. పొగ పరీక్షలో ఫెయిలైన కారుకి, ఆ పొగకి సంబంధించిన రిపేర్ల మీదే కనీసం వంద డాలర్లు ఖర్చు పెట్టి ఉండాలి. కిందటి ఏడాది ఐదు వేల మైళ్ళ లోపు తిరిగి ఉండాలి, రాబోయే ఏడాదీ అంత లోపే తిరిగేటట్టుండాలి. అప్పుడు ఆ ఏడాదికి పరీక్ష మినహాయిస్తారు. ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి లోబడి ఉన్నవాళ్ళకి గడువు పొడిగింపు ఇంకోటి ఉంది. ఇవి డబ్బివ్వవు, కానీ రెండు వేల ఖర్చుని తప్పిస్తాయి. పరీక్షలో ఫెయిలైన రెండు కాగితాలు, 285 డాలర్ల రసీదు, మాస్టారి నోట్‌బుక్కులో లెక్కలు అన్నీ పట్టుకెళ్ళాం. రసీదు మీద ఏ భాగం మార్చారో, ఎంతైందో స్పష్టంగా రాసి ఉండటం పనికొచ్చింది. ఆ వియత్నాం పెద్దాయన అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి లెండి.

వేవర్ వచ్చింది. రిజిస్ట్రేషన్ కట్టాం. స్టిక్కర్ అంటించేటప్పుడు మాస్టారు అద్దం మూడుసార్లు తుడిచారు.

పిల్లలూ, ఈ పేరా మీకు! ఈ కథలో అందరికంటే పెద్ద పని చేసింది మా ఇంటి చిన్నది. కారు ముందు అద్దం కింద, డ్రైవర్ వైపు మూల, పదిహేడు అంకెలూ అక్షరాలూ కలిసిన విన్ నంబరు ఉంటుంది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ ఉండవు. ఎందుకో చెప్పుకోండి చూద్దాం! (ఒకటీ సున్నాలతో కలిసిపోకుండా.) మా అమ్మాయి మాస్టారి కారు నంబరుని నిట్సా, అంటే రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ శాఖ దగ్గర సరిచూసింది. ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ రీకాల్ బాకీ ఉందని తేలింది! టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు అమెరికా చరిత్రలోనే అతిపెద్ద రీకాల్. దాదాపు ఆరు కోట్ల డెబ్బయి లక్షల బ్యాగులు. వేడిలో, ఉక్కలో ఏళ్ళ తరబడి ఉంటే లోపలి మందు పాడై, బ్యాగు విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు మొహం మీదకి ఎగురుతాయి. ఈ దేశంలో పాతికమందికి పైగా చనిపోయారు. మూడేళ్ళుగా ఆ సీట్లో కూర్చుంటున్నది పిన్నిగారు. డీలరు దగ్గర మార్చడానికి ఒక్క డాలరు కూడా అవలేదు. టయోటా అమెరికా ముఖ్య కార్యాలయం 2017 నుంచి మన ప్లేనోలోనే ఉంది. ఆ అద్దాల మేడల పక్కనుంచే ఈ కారు ఎన్నిసార్లు వెళ్ళి ఉంటుందో! మీ తాతగారి కారు నంబరు ఈ వారమే చూడండి. ఫోన్‌లో అడగాలంటే 888-327-4236. అలాగే ఒక పెన్నీ తీసుకుని లింకన్ తల కిందికి ఉండేలా టైరు గాడిలో పెట్టండి. తల మొత్తం కనబడిందంటే టైరు అరిగిపోయినట్టే, అమ్మకి చెప్పండి.

ఇంతా చదివి కొందరు అడుగుతారని తెలుసు: డెబ్బయి ఎనిమిదేళ్ళాయన్ని నడపనివ్వాలా అని. నేనూ అడుక్కున్నాను. అందుకే ఒకరోజు పక్క సీట్లో కూర్చుని థెరపీ దాకా వెళ్ళాను. నాలుగు దారుల స్టాప్ దగ్గర ఆయన పూర్తిగా ఆగి, అందరినీ పోనిచ్చి, ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని కదులుతారు. వెనక హారన్ కొట్టినవాడికి చెయ్యెత్తి నమస్కారం పెడతారు. హైవే 75 ఎక్కరు, చీకటి పడ్డాక నడపరు. 79 నిండాక లైసెన్సు రెన్యూవల్‌కి టెక్సస్‌లో స్వయంగా వెళ్ళి కళ్ళ పరీక్ష ఇవ్వాలి. అప్పుడేమంటారో చూద్దాం. ఆ రోజు వరకు పిన్నిగారి కాలు ఆ కారే.

మన సంఘంలో ఇంజినీర్లకి కొదవ లేదు. అన్నదానానికి పేర్లు ఇమ్మంటే చోటు చాలదు. మరి ఎండాకాలం ముందు ఒక శనివారం పొద్దున్న పదిమంది కూడి, మన పెద్దవాళ్ళ కార్లకి టైర్లలో గాలి, ఆయిలు, బ్యాటరీ, రీకాల్ నంబర్లు చూసిపెట్టలేమా? స్కానర్ మా ఇంట్లో ఉంది. చెరిపే బటన్ మీద టేపు అంటించాను. వచ్చేవాళ్ళు కార్యవర్గానికి ఫోన్ చేసి నా పేరు చెప్పండి.

వేవర్ ఏడాదికే కదా. వచ్చే ఫిబ్రవరికి మళ్ళీ అడగాలంటే ఐదు వేల మైళ్ళు దాటకూడదు. మాస్టారి నోట్‌బుక్‌లో ఇప్పుడు కొత్త గడి వచ్చింది: "మిగిలిన మైళ్ళు." మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఇర్వింగ్‌లో సత్యనారాయణ వ్రతానికి పిలిచారు. నువ్వూ వెళుతున్నావా?"

"వెళుతున్నాం మాస్టారూ."

"అయితే మమ్మల్ని కూడా మీ కారులో తీసుకుపో. రానూపోనూ యాభై మైళ్ళు. నావి నేను దాచుకోవాలి."